ఒకే బోగీలో పదిమంది సరుకు



ఉగాది కార్యక్రమంలో మన పిల్లల ర్యాప్ పాటలకు చోటు ఇవ్వాలా వద్దా అని మాట నడుస్తా ఉంది. మా ఇంట్లో మేమిద్దరం అనుకున్నది రాస్తున్నాం. మేము చదివింది తమిళ మీడియం, మాటల్లో తమిళ వాసన వస్తే సర్దుకోండి.

ఈ హిప్ హాప్ 1973లో న్యూయార్క్‌లో, బ్రాంక్స్ అనే బీదల పేటలో పుట్టింది. ఆ ఊర్లోనే ఇద్దరు స్నేహితులు పెట్టిన రాకస్ అనే లేబుల్ 1997లో 'సౌండ్‌బాంబింగ్' అని ఒక సంకలనం వేసింది. అప్పటికి పెద్ద పేరు లేని కుర్రోళ్ల పాటలన్నీ ఒకే అట్టలో పెట్టింది. అందులో పాడిన మోస్ డెఫ్, తాలిబ్ క్వెలీ మరుసటి ఏడు 'బ్లాక్ స్టార్' ఆల్బమ్‌తో లోకానికి తెలిసినారు.

రైల్వేవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. మేము ఉద్యోగంలో చేరిన రోజుల్లో 'స్మాల్స్' అనేవాళ్లం. ఒక బోగీ నిండా సరుకు లేని చిన్న వ్యాపారులు పదిమంది మూటలు ఒకే బోగీలో పోయేవి. సంకలనం కూడా అంతే. ఖర్చు పంచుకుంటారు. ఒకడి పాట కోసం వచ్చినవాడు మిగతా తొమ్మిది మందినీ వింటాడు.

పాతదీ కొత్తదీ కలవవు అనేవాళ్లకు ఒక మాట. 2018 జనవరిలో చెన్నైలో 'క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' మొదటిసారి వేదికెక్కినప్పుడు గానా పాడేవాళ్లు, ర్యాప్ పాడేవాళ్లు పక్కపక్కనే నిలబడినారు. చావు ఇంటి దగ్గర పాడే పాట అని చిన్నచూపు చూసిన గానాకు అంతమంది చెవి పెట్టినారు.

మనకేం తక్కువ? చింతామణి పక్కనే కైవారం తాతయ్య ఉన్నాడు. ఆయన తెలుగు తత్వాలను మనవాళ్లు కన్నడ లిపిలో చదువుకుని పాడుతున్నారు. లిపి లేకపోయినా భాష నిలిచింది, నోట్లో పాట ఉంది గనక. మన మనవళ్లకు బడిలో కన్నడ, ఇంగ్లీషు. తెలుగు అమ్మమ్మ దగ్గర మాత్రమే. వాళ్లంతట వాళ్లు తెలుగులో ప్రాస కట్టి పాడతామంటే మనం వద్దంటామా?

బూతులు వస్తాయని కొందరి భయం. సంకలనం అంటే ఏరి కూర్చేది. ఏరే పని మన పెద్దలే చేయొచ్చు.

మా మనవి ఇది. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం పిల్లల దగ్గర తలా ఒక తెలుగు పాట తీసుకుందాం. ముందు ఒక తాతయ్య తత్వం పెద్దలు పాడాలి, ఆ వెనక పిల్లలవి. పాటల మాటలు కన్నడ లిపిలో అచ్చు వేద్దాం, పిల్లలు చదువుకోగలరు. ఖర్చుకు మా వంతు మేము ఇస్తాం. మీ ఇంట్లో పాడే బిడ్డ ఉంటే పేరు చెప్పండి.