గట్టు జరిగినా పట్టా పోదు

హాలియా మెయిన్ రోడ్డు మీద కంప్యూటర్ ఉన్న దుకాణాల్లో ‘దిస్ పీసీ’ తెరిచి చూడండి. సీ డ్రైవ్ గీత ఎర్రబడి ఉంటుంది, పక్కనే డీ డ్రైవ్ సగం కూడా నిండకుండా చల్లగా ఉంటుంది. ఫొటో స్టూడియోలో పెళ్లి ఆల్బముల డిజైన్లన్నీ డెస్క్‌టాప్ మీదే. జిరాక్స్ సెంటర్లో పాసుబుక్కుల స్కాన్లు, ఆధార్ కాపీలన్నీ డౌన్‌లోడ్స్‌లోనే. ఆ రెండూ సీ డ్రైవ్‌లో ఉండేవేనని కంప్యూటర్ మొరాయించేదాకా ఎవరికీ గుర్తు రాదు. అప్పుడు మొదలవుతుంది అసలు సంభాషణ.

“అన్నా, సీ డ్రైవ్ నిండింది. ఏం జెయ్యాలె?”

“ఫార్మాట్ కొడదాం తమ్మీ. యాక్టివేషన్ పోతే మాత్రం నాకు తెల్వదు.”

ఈ చివరి మాటకు జడిసి ఎంతోమంది ఎర్రగీతతోనే ఏళ్లు గడుపుతారు. ధైర్యం చేసినవాళ్లేమో గట్టు జరిపితే తీరే పనికి మొత్తం పొలాన్నే దున్నించేస్తారు. రెండూ అక్కర్లేదు.

1967 ఆగస్టు 4న నాగార్జున సాగర్ కాలువల్లోకి నీళ్లు వదిలారు. అప్పటినుంచి ఎడమ కాలువ కింద హాలియా, మిర్యాలగూడ, కోదాడ రైతులకు భూమి పంపకాలంటే కొట్టిన పిండే. అన్నదమ్ములు పొలం పంచుకుంటే మధ్యలో గట్టు పడుతుంది, నక్షాలో గీత మారుతుంది. గట్టు అడుగు అటు జరిగినా, ఇటు జరిగినా పట్టా పోదు. హార్డ్ డిస్క్ లెక్కా అంతే. డిస్క్ పొలం, పార్టిషన్ గట్టు, పార్టిషన్ టేబుల్ నక్షా. విండోస్ అసలుదేనని మైక్రోసాఫ్ట్ ఒప్పుకునే యాక్టివేషన్ అంటే పట్టా. అది కాలంతో పాటు గట్టుకు మరింత దూరం జరుగుతూ వచ్చింది.

2001లో విండోస్ ఎక్స్‌పీతో ఇళ్లలోని కంప్యూటర్లకు యాక్టివేషన్ నిబంధన వచ్చింది. ముప్పై రోజుల్లో ఇంటర్నెట్ ద్వారానో, ఫోన్‌లో అంకెల గుంపులు చదివి వినిపించో చేయించుకోవాలి. అది ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్ కార్డు, ర్యామ్ వగైరా భాగాల గుర్తులు తీసి పెట్టుకునేది. వాటిలో సీ డ్రైవ్ వాల్యూమ్ సీరియల్ నంబరు కూడా ఒకటి. ఫార్మాట్ చేస్తే ఆ నంబరు మారుతుంది, పైగా యాక్టివేషన్ రికార్డు ఫైలే చెరిగిపోతుంది. పార్టిషన్ సైజు పెంచినా తగ్గించినా ఆ నంబరు మారదు. నేటి భయమంతా ఆనాటి ఫార్మాట్ల నుంచి పుట్టిందే.

2012లో విండోస్ 8తో కంప్యూటర్ కంపెనీలు యాక్టివేషన్ కీని మదర్‌బోర్డు చిప్‌లోనే రాసి పంపడం మొదలైంది. 2015 జూలైలో విండోస్ 10 వచ్చాక డిజిటల్ లైసెన్సు వచ్చింది. కంప్యూటర్ గుర్తు మైక్రోసాఫ్ట్ సర్వర్లలో నమోదై ఉంటుంది. డిస్క్ తీసేసి కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టి, అదే ఎడిషన్ ఎక్కించి, నెట్ కలిపితే మామూలుగా దానంతటదే యాక్టివేట్ అవుతుంది. మదర్‌బోర్డు మారితేనే చిక్కు. 2016 నుంచి దానికీ దారి ఉంది. ముందే లైసెన్సును మైక్రోసాఫ్ట్ ఖాతాకు జోడించి ఉంటే ట్రబుల్‌షూటర్‌తో తిరిగి తెచ్చుకోవచ్చు.  

పట్టా భయం తీరింది కాబట్టి ఇక గట్టు సంగతి. నిజానికి తిప్పలన్నీ ఇక్కడే. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డీ డ్రైవ్‌ను ‘ష్రింక్’ చేసి, సీ మీద రైట్ క్లిక్ కొడితే ‘ఎక్స్‌టెండ్’ వెలవెలబోయి ఉంటుంది. కారణం సులువే. ఖాళీ జాగా సీకి ఆనుకుని కుడివైపున ఉండాలి. డీని ష్రింక్ చేస్తే ఖాళీ డీ చివర్లో తేలుతుంది. తమ్ముడు భూమి ఇచ్చాడు సరే, కానీ తన పొలం అవతలి కొసన ఇచ్చాడు! పైగా చాలా మెషీన్లలో సీకీ డీకీ మధ్య విండోస్ తనకోసం కట్టుకున్న రికవరీ పార్టిషన్ ఒకటి ఉంటుంది. దాన్ని దాటడం విండోస్ సొంత పనిముట్టుకు చేతకాదు. డీలోని ఫైళ్లు బయటికి తీసి డీని తొలగించినా రికవరీ అడ్డంగానే ఉంటుంది. అందుకే జీపార్టెడ్ లాంటి పార్టిషన్లు జరిపే సాఫ్ట్‌వేర్ కావాలి. అది జరిపేటప్పుడు కరెంటు పోతే మాత్రం నక్షా, పంట రెండూ పోవచ్చు. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్, లాప్‌టాప్ అయితే చార్జర్ తప్పనిసరి.

డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న మెషీన్‌లో గట్టు జరిపేముందు దాన్ని ఆఫ్ చేసి, తాళం పూర్తిగా తీయించాలి. లేకుంటే మళ్లీ బూట్ అయ్యేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో ముందే చూసుకోండి. తెర నీలంగా మారాక వెతుక్కునే పని కాదది.

పాత కంప్యూటర్లలో నక్షా కూడా పాతదే. 1983 నాటి ఎంబీఆర్ పద్ధతిలో ప్రైమరీ పార్టిషన్లు నాలుగుకు మించవు, డిస్క్‌లో రెండు టెరాబైట్లు దాటిన జాగా వాడుకోలేం. కొత్తదైన జీపీటీలో విండోస్ 128 దాకా ఒప్పుకుంటుంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మద్దతు ముగిసింది. దాని తర్వాతిదైన విండోస్ 11 యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతితో బూట్ కావాలి, అంటే డిస్క్ జీపీటీలో ఉండాలి. ఆ మార్పుకు విండోస్‌లోనే ‘ఎంబీఆర్2జీపీటీ’ అనే సాధనం ఉంది. అది ఫైళ్లను చెరపదు, పట్టాను ముట్టదు.

మరి యాక్టివేషన్ నిజంగా పోయేదెప్పుడు? లాప్‌టాప్‌తో హోమ్ సింగిల్ లాంగ్వేజ్ వస్తే, దుకాణంలో చేతికందిన పెన్‌డ్రైవ్‌తో ప్రో ఎక్కించినప్పుడు. చిప్‌లోని కీ హోమ్‌ది, ఎక్కింది ప్రో, కుడివైపు కింద ‘యాక్టివేట్ విండోస్’ అనే వాటర్‌మార్క్. రెండోది ఇంకా మామూలు. ఆ మెషీన్‌కు అసలు లైసెన్సే లేదు, ఎవరో క్రాక్ వేసి నడిపించారు, ఫార్మాట్‌తో క్రాక్ పోయింది. లేని పట్టా పోయిందని గట్టు మీద నేరం మోపితే ఎలా?

విండోస్ సంగతి తేలినా, దాని మీద నడిచే సాఫ్ట్‌వేర్లను మర్చిపోకూడదు. మిర్యాలగూడ రైస్‌మిల్లు లెక్కల గుమాస్తా చేతిలో ట్యాలీ ఉంటే, ఫార్మాట్‌కు ముందు దాని లైసెన్సును ‘సరెండర్’ చేయాలి. లేదంటే మరో మెషీన్‌లో యాక్టివేట్ చేసేటప్పుడు చిక్కు వస్తుంది. ఫొటోషాప్‌లో కూడా పాత మెషీన్ నుంచి సైన్ అవుట్ చేయడమే సుఖం.

గట్టు కూడా జరపనక్కర్లేని మార్గం ఒకటుంది. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ల ప్రాపర్టీస్‌లో ‘లొకేషన్’ ట్యాబ్‌కు వెళ్లి డీ డ్రైవ్‌లో ఒక్కోదానికి ఒక్కో ఫోల్డర్‌ను చూపించండి. చాలా మెషీన్లలో ఎర్రగీత అక్కడితో తగ్గుతుంది. ముందు ఇది చేసి, సరిపోకపోతేనే పార్టిషన్‌కు పోండి. ఏది చేసినా ముఖ్యమైన ఫైళ్లు బయటి డిస్క్‌లోకి కాపీ చేశాకే చేయండి. సెట్టింగ్స్‌లోని యాక్టివేషన్ పేజీలో లైసెన్సు మీ ఖాతాకు జోడించి ఉందో లేదో ఇవాళే చూడండి. ఫార్మాట్ తప్పకపోతే, మీ కంప్యూటర్‌తో వచ్చిన ఎడిషన్ పేరు కాగితం మీద రాసి దుకాణదారుకి ఇవ్వండి. లైసెన్సు పోగొట్టుకోకుండా ఉండటానికి అంతకు మించిన సాంకేతికత ఏదీ లేదు.