వాకిట్లో కిన్నెర

మొన్న మా యాదగిరిగుట్టలో ఓ చిన్న హాల్లో తెల్లదుప్పటి కట్టి, కిన్నెర కళాకారుల మీద డాక్యుమెంటరీ వేశారు. ఫైట్లుండవు, డ్యాన్సులుండవు, ఏం చూస్తాంలే అనుకుంటూనే వెళ్లాను.

వెదురుబొంగు, సొరకాయ బుర్రలు, 12 మెట్లు... మీటగానే ఒళ్లు ఝల్లుమంది! 2021లో ‘భీమ్లా నాయక్’ పాట మొదట్లో పాలమూరు దర్శనం మొగులయ్య గొంతు వినబడగానే ఈల వేసినవాణ్ణే నేను. 2022లో ఆయనకు పద్మశ్రీ వస్తే మురిసిపోయినవాణ్ణే.

కానీ ఆ చీకట్లో నాకు గుర్తొచ్చింది వేరే తాత. చిన్నప్పుడు మా వాకిట్లో కిన్నెర మీటుతూ ఏదో వీరుడి కథ పాడుతుంటే, టీవీలో క్రికెట్ వినబడటం లేదని తలుపేశాను. బాపమ్మ దోసెడు బియ్యంతో వచ్చేసరికి తాత లేడు. మళ్లీ రాలేదు.

లైట్లు వెలిగాక అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం చేతులు రాలేదు. మీ వాకిట్లోకి ఎవరైనా పాడుతూ వస్తే తలుపు వెయ్యకండేం!