కంచె మీది శంఖుపుష్పం

తెలుక్ ఇంతాన్ నుంచి బాగాన్ దాతుక్ వైపు వెళ్లే దారిలో ఈసారి ఒక చోట కారు ఆపండి. రెండు వైపులా కొబ్బరి తోటలు, ఆయిల్ పామ్ తోటలు ఉంటాయి. మీరు చెట్లను కాదు, ఇళ్ల ముందున్న కంచెలను చూడండి. సన్నని తీగ మీద ముదురు నీలం పువ్వులు కనిపిస్తాయి. పువ్వు చిన్న శంఖంలా ఉంటుంది. అందుకే దాన్ని శంఖుపుష్పం అంటాం. అపరాజిత అనే పేరు కూడా ఉంది. ఓడిపోనిది అని ఆ మాటకు అర్థం. మలయ్‌వాళ్లు దీన్ని బుంగా తెలాంగ్ అంటారు.

మన ఇంట్లో ఈ పువ్వు దేవుడి పటం దగ్గరికి వెళ్తుంది. కెలంతాన్ మలయ్ ఇంట్లో అన్నంలోకి వెళ్తుంది. నాసి కెరాబుకు ఆ నీలం రంగు ఇచ్చేది ఇదే. పెనాంగ్ న్యోన్యా వంటింట్లో జిగురు బియ్యంతో చేసే పులుత్ తాయ్ తాయ్‌కి కూడా ఇదే రంగు. ఇప్పుడు కౌలాలంపూర్ బార్లలో జిన్ గ్లాసులోకీ చేరింది. నీలంగా వచ్చిన గ్లాసు కళ్ల ముందే గులాబీ రంగుకు మారుతుంది. మీ పిల్లలు ఫోన్‌లో మీకు చూపించే ఉంటారు.

దీన్ని ఇంట్లోనే చేయవచ్చు. ఒక పెద్ద చెంచాడు ఎండు పువ్వులు తీసుకోండి. 250 మి.లీ. జిన్‌లో వేసి, రెండు గంటలు ఉంచి, వడకట్టండి. గ్లాసులో ఐసు, 150 మి.లీ. టానిక్ నీళ్లు, రెండు చిన్న చెంచాల నిమ్మరసం వేయండి. మన మార్కెట్లో దొరికే లిమావ్ కస్తూరి అయితే ఇంకా మంచి వాసన. ఆ కస్తూరి మన తెలుగులో ఉన్న కస్తూరే. రెండు భాషలకూ అది సంస్కృతం నుంచి వచ్చింది. చివర 30 మి.లీ. నీలం జిన్‌ను చెంచా మీదుగా మెల్లగా పోయండి. అది పైన తేలుతుంది. కలిసే చోట ఊదా రంగు వస్తుంది. కలిపితే అంతా గులాబీ.

ఇందులో మాయ లేదు. పువ్వులో ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం ఉంది. పులుపు తగిలితే అది రంగు మారుతుంది. రంగు మార్చేది పువ్వు, నిమ్మరసం. జిన్‌కు అందులో పని లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఎందుకంటే మన వాళ్లకు, మద్యానికి పాత లెక్క ఉంది. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన మన పెద్దలు ఈ తోటల్లో పనిచేశారు. మలేరియా జ్వరానికి వాళ్లకు క్వినైన్ ఇచ్చేవారు. టానిక్ నీళ్లలోని చేదు ఆ క్వినైన్‌దే. సాయంత్రానికి మాత్రం ఎస్టేటులోనే కల్లు దుకాణం ఉండేది. చేతికి వచ్చిన కూలి డబ్బు మళ్లీ అక్కడే ఖర్చయ్యేది. 1941లో క్లాంగ్ ప్రాంతపు తోట కూలీలు సమ్మె చేశారు. కూలి పెంచమన్నారు. కల్లు దుకాణాలు మూసేయమని కూడా అడిగారు.

మా తాత జీతం రోజున ఆ దుకాణం దాటి రాలేకపోయేవాడట. మా అమ్మమ్మ బయట చెట్టు కింద నిలబడి ఎదురుచూసేది. మా అమ్మ తన ఇంట్లోకి సీసా రానివ్వలేదు. ఇలాంటి కథ మీ ఇంట్లోనూ ఉండవచ్చు. అందుకే పిల్లలు జిన్ సీసా తెస్తే కొందరు పెద్దలు లేచి పక్క గదిలోకి వెళ్లిపోతారు. పిల్లలకు కారణం తెలియదు. వాళ్లను తిట్టకండి, కథ చెప్పండి.

చెప్పాక రెండో గ్లాసు చేయండి. పది తాజా పువ్వుల పచ్చ తొడిమలు తీసేయండి. 200 మి.లీ. వేడి నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి, వడకట్టి, చల్లార్చండి. గ్లాసు అడుగున చక్కెర పాకం, నిమ్మరసం, వాటి మీద ఐసు. పైనుంచి నీలం నీళ్లు మెల్లగా పోయండి. అదే నీలం, అదే ఊదా, అదే గులాబీ. అమ్మమ్మ తాగవచ్చు. పువ్వులు ఇచ్చిన పక్కింటి మలయ్ అక్క తాగవచ్చు. పదేళ్ల మనవడూ తాగవచ్చు. 21 ఏళ్లు నిండినవాళ్లు కావాలంటే జిన్ గ్లాసు తీసుకుంటారు, వద్దంటే లేదు. ఎవరూ బల్ల దగ్గర నుంచి లేవనక్కరలేదు.

కలిపేటప్పుడు రంగుల పేర్లు పిల్లల చేత తెలుగులో చెప్పించండి. పువ్వు పేరు కూడా. విత్తనాలు కావాలంటే తీగ మీద ఎండిన కాయల్లో ఉంటాయి. ఆ ఇంటివాళ్లను అడిగి తెచ్చుకోండి. ఒక రాత్రి నానబెట్టి, ఎండ తగిలే కంచె పక్కన నాటండి.