గిటార్ మీద మైనర్ స్కేలు, అవ్వ నోట ఢావ్లో

కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మేము ముగ్గురం, సుగాలి పిల్లోళ్లం. ఒకడిది జమ్మలమడుగు పక్క తండా, ఇంకొకడిది పులివెందుల పక్క తండా, మూడోవాడు ప్రొద్దుటూరులో రూము తీసుకొని చదువుకుంటున్నాడు. ముగ్గురికీ కలిపి ఒకటే గిటార్, అదీ సెకండ్ హ్యాండ్‌ది. ఆదివారమొస్తే బస్సెక్కి ఆ రూములో కలుస్తాం. "మీకెందుకురా గిటార్లు?" అన్నోళ్లు ఉన్నారు. తీగ, మెట్టు అనేవి మన జనానికి కొత్తా? 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్య గారి చేతిలో ఉండేది 12 మెట్ల కిన్నెర. గిటార్ మీద ఫ్రెట్లు అనేవి కూడా మెట్లే. ఏ తీగ మీదైనా 12 మెట్లు ఎక్కితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది.

మేము నేర్చుకున్నది నేచురల్ మైనర్ స్కేలు. నేర్చుకోవాలనుకునే వాళ్లకు మాకు అర్థమైనట్టు చెప్తాం. లావు తీగ, అంటే 6వ తీగ మీద 5వ ఫ్రెట్ పట్టుకుంటే 'ఏ' స్వరం. అక్కడి నుంచి 5, 7, 8. తర్వాత 5వ తీగ మీద కూడా 5, 7, 8. ఆ తర్వాత 4వ తీగ మీద 5, 7. ఎనిమిది స్వరాలు అయిపోయాయి. 5కి చూపుడువేలు, 7కి ఉంగరపు వేలు, 8కి చిటికెన వేలు. మధ్య దూరాలు లెక్కపెడితే 2, 1, 2, 2, 1, 2, 2. మొత్తం 12. ఈ లెక్క ఒక్కటి గుర్తుంటే ఏ ఫ్రెట్ నుంచి మొదలుపెట్టినా స్కేలు వచ్చేస్తుంది. మొదట్లో వేళ్లు మండుతాయి, కొన్ని వారాలకు కాయలు కాస్తాయి. స్పీడు కోసం చూడొద్దు, ఒక్కో స్వరం శుభ్రంగా పలకాలి.

ఇదేదో ఇంగ్లీషోళ్ల సరుకు అనుకోవద్దు. ఇవే స్వరాలు మన కర్ణాటక సంగీతంలో 20వ మేళకర్త, నఠభైరవి. ఏడో స్వరాన్ని ఒక్క ఫ్రెట్ పైకి జరిపితే 21వది, కీరవాణి. నఠభైరవిలో రెండో స్వరం, ఆరో స్వరం తీసేస్తే ఐదే మిగులుతాయి, అది శుద్ధ ధన్యాసి.

ఇప్పుడు అసలు సంగతి. మాలో ఒకడి అవ్వకు డెబ్బై దాటింది. ఆమెకు ఢావ్లో వచ్చు. వేరే తెగల మిత్రుల కోసం చెప్తాం: మా పెండ్లిలో పెండ్లికూతురు పుట్టింటోళ్లను పట్టుకొని ఏడుస్తా పాడేదే ఢావ్లో. ఇప్పుడు మా పెండ్లిళ్లలో డీజే మోగుతాంది. మా వయసు ఆడపిల్లల్లో పూర్తిగా పాడగలిగినోళ్లు మాకు తెలిసి ఒక్కరూ లేరు. అవ్వతో పాటే అది పోతుందేమో అనే భయంతోనే గిటార్ తీసుకొని ఆమె దగ్గరికి పోయినాం.

ఆమె గొంతుకు 3వ ఫ్రెట్ నుంచి మొదలుపెడితే సరిపోయింది. 3, 5, 6. చాలావరకు మైనర్ స్కేలులోనే దొరికింది. కానీ మూడో స్వరం దగ్గర ఆమె గొంతు 6వ ఫ్రెట్ మీద నిలబడలేదు. 5కీ 6కీ మధ్యలో యాడనో ఉంది. 5వ ఫ్రెట్ మీద తీగను కొంచెం పక్కకు లాగితే దగ్గరికొచ్చింది, అంతే. అవ్వ విని, "పాట వచ్చిందిలే, ఏడుపు రాలేదు" అనింది. అవ్వ శ్రుతి తప్పలేదు. ఫ్రెట్లు అనేవి మనుషులు బిగించిన గీతలు, పాట వాటికన్నా ముందునుంచీ ఉంది. స్కేలు మనకు దారి చూపిస్తుంది, పాటను కొలిచి తప్పు పట్టడానికి కాదు.

ఫోన్‌లో రికార్డు చేస్తామంటే చానాసేపు ఒప్పుకోలేదు. "ఇది ఊరికే పాడేది కాదు నాయనా, బిడ్డ ఇల్లు దాటేటప్పుడు పాడేది. ఫోన్లో పెట్టి నవ్వుకుంటారా?" అనింది. కడాకు ఒక షరతు మీద ఒప్పుకుంది: మన ఇంటి ఆడపిల్లలకు నేర్పేందుకు సరే, రీల్స్‌లో పెట్టకూడదు. అందుకే ఆ ఆడియో ఈ పోస్టుతో పాటు పెట్టలేదు, అడగొద్దు. పోయిన నెల నుంచి మావాడి చెల్లెలు ఆ ఆడియో వింటా, అవ్వ దగ్గర కూర్చొని నేర్చుకుంటాంది. మేము పక్కన మెల్లగా తీగ మీటుతాం.

ఎరుకల, యానాది, చెంచు మిత్రులారా, మీ ఇండ్లల్లో కూడా ఇట్లాంటి అవ్వలు ఉంటారు. ఈసారి సెలవులకు పోయినప్పుడు ఒక పూట వాళ్ల పక్కన కూర్చోండి. రికార్డు బటన్ నొక్కే ముందు వాళ్లను అడగండి. గిటార్ లేకపోయినా పర్లేదు, ముందు వినండి. స్కేలులో డౌట్లు ఉంటే అడగండి, మాకు తెలిసినంత చెప్తాం.