ప్రమోషన్ వద్దన్న క్లబ్బులు, వద్దన్న గుమాస్తా

నేను చదివిందంతా తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ముప్పై ఏళ్ళు దాటినాక మన ఆదివారం క్లాసులో దిద్దుకున్నవాణ్ణి. ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి.

ఈసారి ఫుట్‌బాల్ గురించి రాస్తా ఉన్నాను. కంగారు పడొద్దు, చివరికి మన విషయానికే వస్తాను.

రిటైరైనాక 2019 అక్టోబరులో మావాడి దగ్గరికి ఇంగ్లండు పోయినాను. వాడుండేది డార్లింగ్టన్. రైల్వేలో పనిచేసినవాడికి ఆ పేరు క్షేత్రం పేరు లాంటిది. దాని పక్కన షిల్డన్ అని చిన్న ఊరు. 1825 సెప్టెంబరు 27న లోకోమోషన్ ఇంజను బండ్లు తగిలించుకుని బయల్దేరింది ఆ ఊరి నుంచే. అక్కడ పెద్ద వ్యాగన్ కార్ఖానా ఉండేది, 1984లో మూసేసినారు. ఇప్పుడు మ్యూజియం ఉంది. అది చూసి బయటికొస్తే మావాడు, "నైనా, మీ డిపార్ట్‌మెంటు టీం ఆడతా ఉంది, చూస్తావా?" అన్నాడు. షిల్డన్ క్లబ్బుకి 'రైల్వేమెన్' అని ముద్దుపేరు. 1890లో పుట్టిన క్లబ్బు.

టీవీలో మన పిల్లలు చూసే ప్రీమియర్ లీగ్ మొదటి మెట్టు. అందులో 20 క్లబ్బులు. దాని కింద మూడు మెట్లు, ఒక్కోదాంట్లో 24 క్లబ్బులు. ఇంకా దిగితే నేషనల్ లీగు, దాని కింద ఉత్తరం, దక్షిణం అని రెండు భాగాలు. అక్కడి నుంచి కిందకి పోయేకొద్దీ మన జోన్లు, డివిజన్ల మాదిరి ప్రాంతాలుగా చీలిపోతుంది. షిల్డన్ అప్పుడు ఆడుతున్న నార్తర్న్ లీగు మొదటి డివిజన్ తొమ్మిదో మెట్టు. రెండో డివిజన్ పదోది. దానికీ కింద ఊరి లీగులు ఉన్నాయి. గెలిస్తే మూడు పాయింట్లు, సమానమైతే ఒకటి. ఏడాది చివర పైనున్నవాళ్ళు ఒక మెట్టు ఎక్కుతారు, అడుగున ఉన్నవాళ్ళు దిగుతారు. అంటే లెక్క ప్రకారం ఊరి లీగు నుంచి ప్రీమియర్ లీగు దాకా దారి తెరిచే ఉంది.

దారి ఉంది కానీ గెలిస్తే మాత్రం చాలదు. గ్రౌండుకి ఫ్లడ్‌లైట్లు, కప్పు కింద సీట్లు ఇన్ని ఉండాలని ప్రతి మెట్టుకీ ఒక రూలు. ఏ క్లబ్బు ఏ లీగులో ఆడాలో అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఏటా మ్యాపు చూసి నిర్ణయిస్తుంది. ఒక్కోసారి గెలవకపోయినా, ఓడకపోయినా పక్క లీగుకి మారుస్తారు. మన భాషలో చెప్పాలంటే అడ్మినిస్ట్రేటివ్ ట్రాన్స్‌ఫర్!

టీ అమ్మే గదిలో ఒక పెద్దాయన ఉన్నాడు. జీతం లేదు, ఊరికే చేస్తున్నాడు. గేటు దగ్గర టికెట్టు చించేవాళ్ళూ అంతే. ఆయన చెప్పిన సంగతి నన్ను పట్టుకుంది. ఈ నార్తర్న్ లీగు 1889లో మొదలైంది, ప్రపంచంలో దీనికన్నా పాత లీగు ఒక్కటే ఉంది. 1911లో ఈ లీగులోని వెస్ట్ ఆక్లండ్ క్లబ్బు, బొగ్గు గనుల్లో పనిచేసే మనుషులు, ఇటలీ పోయి యువెంటస్‌ని 6-1తో ఓడించి కప్పు తెచ్చుకున్నారు. ఇంత చరిత్ర ఉన్న లీగులో చాలా ఏళ్ళు గెలిచిన క్లబ్బులు కూడా పై మెట్టు వద్దన్నాయంట.

ఎందుకంటే పై లీగులో ఆటలు యార్క్‌షైర్, లంకాషైర్ దాకా. ఆడేవాళ్ళకి వేరే ఉద్యోగాలు. మంగళవారం సాయంత్రం ఆటకి మధ్యాహ్నమే పని వదిలి బస్సెక్కాలి. బస్సు బాడుగ క్లబ్బుదే. పక్క ఊరి టీంతో ఆటకి వచ్చే జనం, ఎక్కడిదో తెలియని టీంతో అంటే రారు. "ఇక్కడ మాకు అందరూ తెలుసు" అన్నాడాయన.

మావాడు నా వైపు చూసినాడు. ఎందుకో నాకు తెలుసు.

నాకు 1994లో హెడ్ క్లర్కు ప్రమోషన్ వచ్చింది. జోలార్‌పేట వదిలి మద్రాసు పోవాల. నేను వద్దని రాసిచ్చినాను. వద్దంటే ఏడాది లిస్టులో పేరుండదు. నా తర్వాత చేరినవాళ్ళు నా పై కుర్చీలో కూర్చున్నారు. అందరికీ నేను చెప్పిన కారణం ఒక్కటే: ఆదివారం తెలుగు క్లాసు నా చేతికి వచ్చింది, వదల్లేను అని. మావాడికి పదిహేడేళ్ళప్పుడు, మద్రాసు కాలేజీలో సీటొచ్చి హాస్టలుకి డబ్బు చాలనప్పుడు, "నువ్వు క్లాసు కోసం ఆగలేదు నైనా, భయపడి ఆగినావు" అన్నాడు. ఆ మాట తర్వాత మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజు బస్సులో వాడే ఎత్తినాడు. "అప్పుడట్లా అనకుండా ఉండాల్సింది. ఆ పెద్దాయన చెప్పిందే కదా నువ్వూ చేసింది" అన్నాడు. ఔనని ఊరుకుంటే సరిపోయేది. నాకు నోరు రాలేదు. "సగం క్లాసు, సగం భయమే రా" అన్నాను. మద్రాసు ఆఫీసులో ఇంగ్లీషులో నోట్లు రాయాలంటే నాకు చేతులు వణికేవి. ఆ సంగతి మీ అమ్మకి కూడా చెప్పలేదన్నాను. వాడు చానాసేపు కిటికీ బయటికి చూస్తా కూర్చున్నాడు. దిగేముందు నా మఫ్లరు సరిచేసినాడు.

అక్కడి రూలు మారింది. గెలిచినవాళ్ళు వద్దనే వెసులుబాటు పోయింది. 2021లో మెట్లన్నీ సర్దినప్పుడు షిల్డన్ కూడా పైకి పోయింది. మావాడు ఫోనులో చెబితే సంతోషం వేసింది, కొంచెం వెలితిగా కూడా ఉండింది. ఆగిపోవడమే గొప్ప అని నేనిప్పుడు అనను. పోవలసినవాళ్ళు పోవాల. కానీ గేటు దగ్గర టికెట్టు చించే మనిషి లేకపోతే ఆ మెట్టే ఉండదు, ఎక్కేవాడికి కాలు పెట్టే చోటు ఉండదు.

ఇంతకీ అసలు సంగతి. ఆదివారం క్లాసుకి ఇప్పుడు తొమ్మిదిమంది పిల్లలు వస్తున్నారు. నా కళ్ళు బాగా లేవు, బోర్డు మీద వంకర పోతా ఉంది. జీతం లేదు, ప్రమోషన్ లేదు. భయం వల్ల అయినా సరే, ఈ ఊళ్ళోనే ఉండిపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక మాట చెప్పండి. సుద్దముక్కలు నేనే తెస్తాను.