క్వయిర్ పాటలు ఎక్కడ దొరుకుతాయన్నా?



విజయనగరంలో డిగ్రీ చదువుతున్న ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. "అన్నా, ఈ క్రిస్మస్‌కి మా చర్చి క్వయిర్‌లో నాలుగు గొంతుల పాట పాడాలనుకుంటున్నాం. నోట్స్ ఎక్కడ దొరుకుతాయి?" ఈ వారం భూముల గురించి రాస్తానన్నాను గానీ అది పక్కన పెట్టి దీని మీదే రాస్తున్నాను. పాటల గోలే కదా అని దాటెయ్యకండి. ఇది కుల సర్టిఫికెట్ దాకా వెళ్తుంది.

ముందు చెల్లికి జవాబు. ఇంగ్లండ్ చర్చి, అంటే ఆంగ్లికన్ వాళ్ళ క్వయిర్ పాటలకి కొరతే లేదు. సీపీడీఎల్ అనే ఉచిత లైబ్రరీ 1998 నుంచీ నెట్‌లో ఉంది. ఐఎంఎస్ఎల్‌పీ 2006లో మొదలైంది. హిమ్నరీ డాట్ ఆర్గ్‌లో ఒకే పాటకి ఎన్ని ట్యూన్లున్నాయో చూపిస్తారు. అందుకని ట్యూన్ పేరు తెలుసుకుని దాంతో వెతకండి. క్వయిర్‌లో మగపిల్లలు తక్కువుంటే ఎస్ఏబీ అని రాసున్నవి తీసుకోండి, అందులో మగవాళ్ళందరికీ కలిపి ఒకే వరస ఉంటుంది. ఐదు గీతల స్వరలిపి చదవడం రాదా? టానిక్ సోల్‌ఫా నేర్చుకోండి. శారా గ్లోవర్ అనే టీచరమ్మ కనిపెట్టిన పద్ధతిని జాన్ కర్వెన్ అనే పాస్టరు పందొమ్మిదో శతాబ్దంలో ఊరూరా పాకించాడు. పియానో కొనలేని కూలిజనం దీంతోనే పెద్ద పెద్ద పాటలు నేర్చుకున్నారు. అందులో 'డో' ఎక్కడైనా పెట్టుకోవచ్చు, అచ్చం మన 'స' లాగే. మనవాళ్ళకి రెండు రోజుల పని.

ఇంతవరకూ ఎవరైనా చెప్తారు. నాకు నిద్ర పట్టనివ్వంది వేరే ఉంది.

ఆంగ్లికన్ క్వయిర్ల సాయంకాల ఆరాధనని బీబీసీ 1926 నుంచీ రేడియోలో వినిపిస్తోంది. చర్చి సంగీతం నేర్పడానికి 1927లో ప్రత్యేకంగా ఒక సంస్థే పెట్టుకున్నారు. వాళ్ళ పాటకి అచ్చుంది, రికార్డుంది, పాడినవాళ్ళ పేర్లున్నాయి. మన పాటకి ఏముంది?

మన వైపు ఆంగ్లికన్లు తక్కువే. వాళ్ళు 1841లో మచిలీపట్నంలో దిగారు. దోర్నకల్‌లో అజరయ్య 1912లో బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ చర్చికి తొలి భారతీయ బిషప్ ఆయనే. మన ఉత్తరాంధ్రకి 1805లో లండన్ మిషన్ విశాఖపట్నం మీదుగా వచ్చింది, తర్వాత కెనడా బాప్టిస్టులొచ్చారు. మిషన్లు ఎన్నున్నా అందరి చేతిలో ఉన్న పాటల పుస్తకం మాత్రం ఒక్కటే, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. అందులో పెద్ద పేరు పురుషోత్తమ చౌదరి. 1803లో పుట్టి 1890లో పోయిన బెంగాలీ బ్రాహ్మణుడు, పర్లాకిమిడి మనిషి. మన పాతపట్నం దాటితే పర్లాకిమిడే.

ఆ పుస్తకం తెరిచి చూడండి. ప్రతి పాట మీదా రాగం, తాళం రాసి ఉంటాయి. మా ఇంట్లో ఉన్న ప్రతిలో స్వరం ఒక్కటి లేదు. అంటే రాగం తెలిసినవాడి కోసం అచ్చేసిన పుస్తకం అది. మా పేటలో రాగం ఎవడికి తెలుసు? విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల 1919లో పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. ఆ పాఠాలు మా పేట దాకా రాలేదు. అయినా పాట ఆగలేదు. పైన ఆనందభైరవి అని ఉంటే ఉండనీ, మావాళ్ళు ఊడుపు పాట నడకలోకి దాన్ని లాక్కున్నారు. సంగీతం చదువుకున్నవాళ్ళు దీన్ని 'తప్పు వరస' అంటారు. నేనొప్పుకోను. సాహిత్యం చౌదరి గారిది కావచ్చు, ఆ వరస మాత్రం మాది.

ఆ వరసలు ఇప్పుడు మా వైపు నలుగురైదుగురు ముసలమ్మల గొంతుల్లోనే ఉన్నాయి. కుర్రాళ్ళు కీబోర్డు, ట్రాక్ పాటలు పట్టుకున్నారు. మూడేళ్ళ నుంచీ నేను ఫోన్‌లో రికార్డు చేస్తున్నాను. ఆమదాలవలస దగ్గర ఒక పెద్దమ్మ ఒకే కూర్చోటులో పదకొండు పాటలు పాడింది. నెట్‌లో పెడతాను, నీ పేరు రాయనా అన్నాను. "రాయ్ నాయినా, నాకేటి బయిం? కూలోడికి ఉజ్జోగం పోద్దా?" అంది.

పక్కనే మనవరాలు కూర్చుని ఉంది. గ్రూప్-2కి చదువుతోంది. "వద్దన్నా. నానమ్మ పేరు పెడితే ఇంటిపేరు తెలిసిపోద్ది" అంది. ముసలమ్మ ముఖం మాడిపోయింది.

ఆ పిల్ల భయం ఉత్తది కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ఎస్సీ అంటే మొదట హిందువులే. సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-సీ, వాటా ఒక్క శాతం. 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు కేసులో, మతం మారినవాడికి అట్రాసిటీ చట్టం కూడా వర్తించదంది. ఊళ్ళో మాత్రం బావి దగ్గరా శ్మశానం దగ్గరా మా కులం ఎవరూ మర్చిపోలేదు. ప్రభువుని పాడితే మాలపేట మాలపేట కాకుండా పోతుందా? కాగితం మీద పోతుంది.

కాబట్టి మన క్వయిర్‌కి లైబ్రరీ ఎందుకు లేదో ఇప్పుడు చెప్పండి. ఇంగ్లండ్‌లో క్వయిర్ ఫొటో గోడకి తగిలిస్తారు. ఇక్కడ అదే ఫొటోని ఎవడో ఒకడు ఎమ్మార్వో ఆఫీసులో ఫిర్యాదుకి జత చేస్తాడు.

నా దగ్గరున్న ఫైళ్ళకి ఊరి పేరు లేదు, మనిషి పేరు లేదు. 'అమ్మ-1', 'అమ్మ-2' అని, పక్కన పుస్తకంలో పాట నంబరు, అంతే. వరస వింటూ సరిగమల్లో రాసిపెట్టేవాళ్ళు కావాలి. కాపీరైట్ భయం అక్కర్లేదు, రచయిత పోయిన అరవై ఏళ్ళకి పాట అందరిదీ అవుతుంది. చౌదరి గారు పోయి నూట ముప్పై ఏళ్ళు దాటింది. చెల్లీ, మీ క్రిస్మస్ పాటకి సీపీడీఎల్ చూసుకో. ఆల్టో పాడే అమ్మాయిలుంటే మాత్రం ఒకసారి 'అమ్మ-4' వినిపించు. పల్లవి రెండోసారి వచ్చినప్పుడు ఆమె కూతురు కింద ఇంకో వరస పట్టుకుంటుంది, ఎవరూ నేర్పకుండానే.

భూముల సంగతి వచ్చే ఆదివారం. జై భీమ్.