చివర పడిన చెయ్యి ఎవరిది?

మిత్రులారా, ఈ వారం సిలబస్ గురించి రాస్తానన్నాను. అది వచ్చే ఆదివారానికి వాయిదా. ఈ వారం నా కారు గురించి. నవ్వకండి, చివరిదాకా చదవండి.

నాది 1998 నాటి మారుతి 800. కార్బురేటర్ బండి. మూడు సిలిండర్లు, 796 సీసీ. నాకు పీహెచ్‌డీ వచ్చిన ఏడాది మా అన్న సెకండ్ హ్యాండ్‌లో కొనిచ్చాడు. ఇద్దరి ఫీజులూ కట్టలేనని నాన్న చేతులెత్తేసినప్పుడు, "తమ్ముడు చదువుకోనీ" అని పదో తరగతితో ఆపేసి విజయవాడ ఆటోనగర్‌లో పనికి చేరినవాడు మా అన్న. ఇప్పుడు అక్కడే చిన్న షెడ్డు నడుపుతున్నాడు. పెట్రోలు ఖర్చు నేను తట్టుకోలేనని ఆ బండికి తనే ఎల్పీజీ కిట్ బిగించాడు. ఆరేళ్ళు గ్యాసు మీదే తిరిగాను. తర్వాత గ్యాసు కోసం బంకుల చుట్టూ తిరగలేక, కిట్ తీయించేసి మళ్ళీ పెట్రోలుకి వచ్చాను.

రెండు నెలల కిందట జబ్బు మొదలైంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజనుకి నిలకడ లేదు. లేస్తుంది, పడుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. పచ్చలైటు పడ్డాక యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం తటపటాయించి, ఎక్కిళ్ళు పెట్టి, అప్పుడు కదులుతుంది. వెనకాల హారన్ల మోత.

అన్నని ఇబ్బంది పెట్టడం ఎందుకని గుంటూరులోనే ఇద్దరికి చూపించాను. ఒకాయన ప్లగ్గులు, వైర్లు మార్చాడు. ఇంకొకాయన కార్బురేటర్ విప్పి కడిగి, ఐడిల్ స్క్రూ తిప్పి స్పీడు పెంచి పంపాడు. నాలుగు రోజులు బాగానే ఉంది. తర్వాత మళ్ళీ అదే వరస. పైగా పెట్రోలు ఎక్కువ తాగుతోంది.

పోయిన ఆదివారం అన్న దగ్గరికే వెళ్ళాను. బానెట్ ఎత్తగానే, "ఎవడ్రా దీన్ని ఇంత పెంచింది?" అని స్క్రూ వెనక్కి తిప్పేశాడు. బండి మళ్ళీ వణకడం మొదలుపెట్టింది. "ఇప్పుడు సరిగ్గా చెబుతోంది. ఇందాకటిదాకా నోరు నొక్కిపెట్టారు దాన్ని" అన్నాడు.

తర్వాత నాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. పెట్రోలు సరిగ్గా మండాలంటే బరువు లెక్కన ఒక వంతు పెట్రోలుకి 14.7 వంతుల గాలి కావాలి. కాలు తీసేసినప్పుడు గాలి వెళ్ళే దారి దాదాపు మూసుకుని ఉంటుంది. ఇంజను గట్టిగా పీలుస్తుంటుంది, దానికి అందే గాలి మాత్రం చాలా తక్కువ. ఆ సమయంలో ఇంకెక్కడో చిన్న చిల్లు ఉంటే, అందులోంచి లెక్కకు రాని గాలి దూరుతుంది. పెట్రోలు పలచబడి ఇంజను తడబడుతుంది. బండి వేగం మీద ఉన్నప్పుడు ఆ కాస్త గాలి ఒక లెక్కలోది కాదు. అందుకే హైవే మీద బాగానే ఉండి సిగ్నల్ దగ్గర ఏడిపిస్తుంది.

వాక్యూమ్ గేజ్ తగిలించాడు. సముద్ర మట్టానికి దగ్గరగా ఉండే మన ఊళ్ళలో ఆరోగ్యంగా ఉన్న ఇంజను ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాలు చూపించాలట. ముల్లు 13 దగ్గర కొట్టుకుంటోంది. ఇస్త్రీకి నీళ్ళు చల్లే సీసా తెచ్చి, కరెంటు వైర్ల మీద పడకుండా, కార్బురేటర్ కింది గ్యాస్కెట్ మీదా మానిఫోల్డ్ అతుకుల మీదా చల్లాడు. చిల్లు అక్కడుంటే నీళ్ళు దాన్ని ఒక్క క్షణం మూస్తాయి, ఇంజను శబ్దం మారుతుంది. ఏమీ మారలేదు. తర్వాత రబ్బరు గొట్టాలను ఒక్కొక్కటే నొక్కుతూ వచ్చాడు. అన్నిటికన్నా వెనకున్న గొట్టం నొక్కగానే ఇంజను ఒక్కసారిగా కుదుటపడింది.

అన్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. కాసేపు మాట్లాడలేదు.

అది గ్యాసు కిట్‌కి వాక్యూమ్ ఇవ్వడానికి అప్పట్లో వేసిన టీ జాయింటు. కిట్ తీసినప్పుడు టీ అలాగే ఉండిపోయింది. దానికున్న జానెడు గొట్టంలో ఒక బోల్టు దూర్చి క్లిప్పు బిగించేశారు. వేడికి రబ్బరు ఎండి, బోల్టు కిందే నిలువునా పగిలింది.

షెడ్డులో పని నేర్చుకునే కుర్రాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళని పిలిచాడు. "చూడండ్రా, ఇది నేను చేసిన తప్పు. టీ పీకేసి పాత గొట్టమే వేసుండాల్సింది. బద్ధకించి బోల్టు పెట్టా. మార్పు చేసిన బండి వస్తే కంపెనీ బిగించినవి తర్వాత చూడండి. చివర ఎవరి చెయ్యి పడిందో అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. ఆ చెయ్యి మీదే అయితే ఇంకా ముందు చూడండి."

"మరి నువ్వెందుకు చివర చూశావ్?" అన్నాను.

"నా చెయ్యి కాబట్టేరా" అన్నాడు.

టీ తీసేసి కొత్త గొట్టం వేశాడు. ముల్లు 18 మీద నిలబడింది. అయినా తొక్కగానే తటపటాయింపు పూర్తిగా పోలేదు. ఇంజను ఆపి, ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బురేటర్ గొంతులోకి టార్చి వేసి చేత్తో యాక్సిలరేటర్ లాగాడు. లాగిన వెంటనే పెట్రోలు సన్నటి ధారగా చిమ్మాలి. చుక్కలు చుక్కలుగా కారింది. ఆరేళ్ళు గ్యాసు మీదే తిరగడంతో పెట్రోలు తడి లేక పంపు డయాఫ్రమ్ రబ్బరు బిగుసుకుపోయింది. అది మార్చి, ఐడిల్ 900 దగ్గర పెట్టాడు. బండి కుదిరింది.

గుంటూరు తిరిగొస్తూ దారంతా నేను కుదరలేదు.

నా పరిశోధనలో ఒక అధ్యాయం మొత్తం లేఖక దోషాల మీదే రాశాను. తాళపత్రం నకలు తీసేటప్పుడు ఏ రాయసగాడి చేతిలో పాఠం మారిందో పట్టుకోవడం అందులో పని. ఎప్పుడో చచ్చిపోయినవాళ్ళ చేతులు వెతకడంలో నాకు డాక్టరేట్ ఇచ్చారు.

మా సెకండియర్‌లో హాస్టల్ నుంచి వచ్చే అమ్మాయి ఒకతి ఉంది. వాళ్ళ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. ఫస్టియర్‌లో గలగలా మాట్లాడేది. ఈ ఏడు లేచి నిలబడితే చాలు, మాట మాటకీ ఆగుతోంది. ఇంటర్నల్ మార్కుల షీటులో ఆమె పేరు ఎదుట "చొరవ లేదు" అని రాసింది నేనే. ఇంట్లో కష్టాలనుకున్నాను, ఫోను పిచ్చి అనుకున్నాను, పునాది లేదనుకున్నాను. ఈ ఏడు నేను మార్చిందేమిటో మాత్రం చూసుకోలేదు. సెమినార్లలో ఉచ్చారణకి మార్కులు పెట్టింది నేను. "శ" ని "స" అన్న ప్రతిసారీ వాక్యం మధ్యలో ఆపి దిద్దింది నేను. చిన్నప్పుడు అదే "స" కి నన్ను బెంచీ ఎక్కించారు. ఆ నవ్వులు నాకింకా గుర్తే. అయినా ఆ పని నేనూ చేశాను. పైగా మేలు చేస్తున్నాననుకున్నాను.

సోమవారం ఆమెని అడిగాను. చాలాసేపు తల దించుకుని, "మీరు ఎక్కడ ఆపుతారోనని ముందే ఆగిపోతున్నా సార్" అంది.

ఆ మార్కులు తీసేశాను. షీటులో రాసిన మాట కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను. క్లాసులో అందరి ముందూ తప్పు నాదేనని చెప్పాను. ఆమె ఇంకా తడబడుతూనే ఉంది. గొట్టం మార్చినంత మాత్రాన బిగుసుకుపోయిన రబ్బరు మెత్తబడదని మా అన్న షెడ్డులో చూశాను కదా. కారుకైతే కొత్త డయాఫ్రమ్ దొరికింది. ఇక్కడ టైం పడుతుంది, ఆ టైం నేనివ్వాలి.

పాఠాలు చెప్పే మిత్రులూ, సంఘాలు నడిపే మిత్రులూ, మీ దగ్గర ఎవరైనా తడబడుతుంటే స్క్రూ తిప్పే ముందు ఒక్కసారి ఆగండి. చివర పడిన చెయ్యి ఎవరిదో చూడండి.

వచ్చే ఆదివారం తప్పకుండా సిలబస్.

జై భీం.